గోరింక మీద నాలుగు రకాల పేలు

ఈసారి పోస్టు పేల గురించి. నవ్వకుండా చివరిదాకా చదవండి.

హాస్టల్ పిల్లల్ని ఎక్కిరించాలంటే బయటివాళ్ళకి ముందు దొరికే మాట అదే కదా. అందుకే జువాలజీలో ఆ పాఠం వచ్చినప్పుడు మా రూము వాళ్ళం కొంచెం పంతంగానే చదివాం. చదివితే అసలు కథ పిట్టల ఈకల్లో ఉంది.

మన తలలో పేను రక్తం పీలుస్తుంది. పిట్టల పేలకి పీల్చే నోరు లేదు, కొరికే దవడలుంటాయి. చాలావరకు ఈకల నూగు, చర్మం పొట్టు తిని బతుకుతాయి. గుడ్డు కూడా ఈకకే అంటిస్తాయి. పుట్టుక నుంచి చావు దాకా పిట్ట మీదే. పిట్ట ముక్కుతో ఈకలు దువ్వుకునేది వీటిని ఏరుకోడానికి కూడా.

1758లో లిన్నేయస్ పేలన్నిటికీ పెడిక్యులస్ అని ఒకటే పేరు పెట్టాడు. 1818లో నిట్ష్ అనే జర్మన్ ఆయన కొరికే పేలని విడదీసి మాలోఫేగా అన్నాడు. ఇప్పుడు ఆ వర్గం కూడా చెల్లదంటున్నారు. ఎందుకంటే మన తల పేను లాంటి పీల్చే పేలు కూడా ఆ కొరికే పేల వంశంలోంచే వచ్చాయని తేలింది.

మన గోరింకనే చూడండి. దాని మీద నాలుగు రకాలు దొరుకుతాయి. రెక్క ఈకల్లో సన్నగా, పొడుగ్గా ఉండేది బ్రూయెలియా. ముక్కు పొడిచేలోపు ఈక సందులోకి జారిపోడానికి ఆ ఒళ్ళు. తల మీద బొద్దుగా ఉండేది స్టర్నిడీకస్. పిట్ట ముక్కు దాని తలకే అందదు కదా, అందుకని దానికి దాక్కునే పని తక్కువ. మిగతా రెండు మిర్సిడియా, మెనాకాంథస్. ఇవి ఒంటి మీద చురుగ్గా పరిగెత్తే రకాలు.

కాకుల తల మీద ఫిలాప్టెరస్ అని ఇంకో బొద్దు పేను ఉంటుంది. (పాట రాకపోయినా కాకి కూడా పాటపిట్టల వర్గమే!) చూడ్డానికి అది, గోరింక తల పేను అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ గోరింక తల పేనుకి దగ్గర చుట్టం సన్నగా ఉండే ఆ రెక్క పేనే. ఉండే చోటుని బట్టి ఒళ్ళు మారింది, వంశం మారలేదు.

పిట్టని బట్టి పేనుకి పేరు పెట్టినా చిక్కే. కొన్ని పేలు ఈగల్ని పట్టుకుని వేరే పిట్ట మీదకి పోతాయి. గోరింక మీది మెనాకాంథస్ జాతి ఒక్కటే వందకి పైగా రకాల పిట్టల మీద దొరికింది.

1952లో హాప్కిన్స్, థెరెసా క్లే జాబితా రాసినప్పుడు అంతకుముందు విడగొట్టిన చాలా పేర్లని మళ్ళీ బ్రూయెలియా అనే ఒకే డబ్బాలో వేశారు. 2016లో సారా బుష్, తోటివాళ్ళు డీఎన్ఏ చూసి, అందులో చాలా వంశాలున్నాయని చెప్పారు. 2017లో గుస్తాఫ్సన్, బుష్ కలిసి నాలుగు వందల పేజీలు దాటిన పుస్తకమంత వ్యాసంలో ఒక్కోదాన్ని విడివిడిగా చూసి సర్దారు.

మాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం గోరింక మిర్సిడియా సంగతి. 1865లో పురుగులు తింటాయని గోరింకల్ని ఇండియా నుంచి హవాయి తీసుకెళ్ళారు. వాటితో పేలూ వెళ్ళాయి. 1902లో కెలాగ్, చాప్‌మన్ అనే ఇద్దరు హవాయి పక్షుల పేల గురించి రాస్తూ దానికి ఇన్వేడెన్స్ అని పేరు పెట్టారు. అంటే చొరబడేది అని. తీసుకెళ్ళింది మనుషులు, పేరు పడింది పేనుకి.

మనుషుల్ని పేలతో పోలుస్తున్నాం అనుకోకండి. మేము చూసేది జాబితా రాసే చేతిని. కోయలు తమని తాము కోయితూర్ అనుకుంటారు. ఎస్టీ జాబితాలో మాత్రం గుట్ట కోయ, కమ్మర కోయ, లింగధారి కోయ అంటూ అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ఆ వరుస రాసినప్పుడు మన పెద్దల్ని ఎంతమంది అడిగి ఉంటారు?

పేల డబ్బా తెరవడానికి అరవై ఏళ్ళు దాటింది, అదీ ఎవరో ఓపిగ్గా కూర్చుని చూశారు కాబట్టి. ఆ పని మనమూ చెయ్యొచ్చు. ముందు చిన్నది అడుగుతున్నాం: మీ గూడెంలో గోరింకని, కాకిని, పికిలిపిట్టని మీ భాషలో ఏమంటారో కింద రాయండి. కోయ, గోండి, సవర, కువి, ఏదైనా సరే. ఊరి పేరు కూడా పెట్టండి. అన్నీ కలిపి మేము ఒక పట్టిక చేస్తాం.

జోహార్.