సూర్యుడి అంచున మెరిసేవి

ఇరవై రెండేళ్లుగా బొగ్గు బాయిలో పని చేస్తున్నాను. మా గోదావరిఖని ఆకాశంలో ఏముందని ఎవరైనా అడిగితే ఎండ, దుమ్ము, దూరంగా ఎన్టీపీసీ పొగగొట్టాలు అని చెప్పేవాణ్ణి. పోయిన మార్చిలో ఒక ఆదివారం పొద్దున మా బిడ్డ నన్ను డాబా మీదికి లాక్కుపోయింది. ఆ రోజు నుంచి నేను ఆకాశాన్ని చూసే తీరే మారిపోయింది.

"బాపూ, గిక్కడ నిలబడు. సూర్యుడు ట్యాంకు ఎనకకు పోయేదాక జరుగు. పైకి చూడకు, ఫోన్ల చూడు."

చూశాను. నీళ్ల ట్యాంకు నల్లటి అంచు పక్కన, సూర్యుడికి జానెడు దూరంలో, ఖాళీగా ఉండాల్సిన చోట ఆకాశం కిటకిటలాడుతోంది! తెల్లటి చుక్కలు మెల్లగా తేలుతున్నాయి. కొన్ని గిర్రున తిరుగుతున్నాయి. ఒకటి రెండు సర్రున దూసుకుపోయాయి. వెండి తీగలాంటిది ఒకటి వంపులు తిరుగుతూ పాకింది. ఫోను పక్కన పెట్టి, ట్యాంకు నీడలోంచి జరగకుండా మామూలు కళ్లతో అటుపక్క ఆకాశం చూశాను. ఏమీ లేదు. మళ్లీ ఫోను. మళ్లీ అదే జాతర.

"ఏందిరా తల్లీ ఇవి?"

"మా క్లాసుల పిల్లలు ఏలియన్లు అంటున్నరు బాపూ."

జవాబు నాకు ఆ రాత్రే దొరికింది, అది కూడా భూమి లోపల. నైట్ షిఫ్టులో నడుస్తున్నాం. నా టోపీకున్న ల్యాంపు వెలుగులో నా ముందరి దుమ్ము పలచగా, మసకగా కనబడుతోంది. ఎదురుగా ఇంకో కార్మికుడు వస్తున్నాడు. అతని ల్యాంపు చుట్టూ మాత్రం ఒక్కో నలుసూ నిప్పురవ్వలా వెలుగుతోంది. దుమ్ము అదే, గాలీ అదే. వెలుగు నా వెనక నుంచి పోతోందా, దుమ్ము వెనక నుంచి నా వైపు వస్తోందా, అదొక్కటే తేడా. ఇరవై రెండేళ్లు చూసిన దృశ్యమే. నిలబడిపోయాను.

తర్వాత చదివి తెలుసుకున్నాను. సన్నటి నలుసు మీద పడ్డ వెలుగు అన్ని వైపులకూ సమానంగా చెదరదు. ఎక్కువ భాగం ముందుకే, తాను పోతున్న దిక్కుకే కాస్త పక్కకు వంగి పోతుంది. అందుకే సూర్యుడికి ఎంత దగ్గరగా చూస్తే గాలిలోని నలుసు అంతగా మెరుస్తుంది. సూర్యుణ్ణి ఏదైనా అంచు వెనక దాచేస్తే కళ్లు చెదిరే కాంతి పోతుంది, మెరుపు మిగులుతుంది. మన పాత కొలతల్లో కంటికి కనబడేవాటిలో అన్నిటికంటే చిన్నదాన్ని త్రసరేణువు అన్నారు. కిటికీ సందులోంచి పడ్డ ఎండలో కనబడే నలుసు అది. అంటే మన పెద్దలు కొలవడం మొదలుపెట్టిందే ఈ మెరుపు దగ్గర!

మరి ఆ వేగం మాటేమిటి? ఇక్కడే నాకు ఒళ్లు జలదరించింది. కాగితం మీద లెక్క వేసి చూశాను. ఫోనుకు నాలుగు మీటర్ల దూరంలో సెకనుకు రెండు మీటర్లు పోయే చిన్న గాలికి ఒక దూదిపింజ కొట్టుకుపోతోందనుకోండి. తెర మీద అది క్షణంలో దాటిపోతుంది. దూరం తెలియక, అదే పింజను పది కిలోమీటర్ల పైన ఉందనుకున్నామా, దాని వేగం గంటకు 18,000 కిలోమీటర్లు! పరిమాణమూ అంతే. మూడు సెంటీమీటర్ల పింజ మూడున్నర మీటర్ల దూరంలో దాదాపు సూర్యబింబమంత కనబడుతుంది. 15 కోట్ల కిలోమీటర్ల అవతలి సూర్యుడూ, మా పిట్టగోడ పక్కన తేలే పింజా ఒకే కొలత! పైగా ఫోను దూరపు వస్తువు మీద చూపు నిలిపితే దగ్గరి చుక్క మసకబారి గుండ్రటి బిళ్లలా ఉబ్బుతుంది. ఎగిరే పళ్లేలు పుట్టేది అక్కడే.

పింజ అని ఊరికే అనలేదు. మరుసటి ఆదివారం బిడ్డా నేనూ పరీక్ష పెట్టాం. తను మా డాబా మీద, నేను ఇరవై అడుగుల అవతల పక్కింటి డాబా మీద. ఇద్దరం ఒకేసారి వీడియో తీసి పక్కపక్కన పెట్టుకున్నాం. దూరంలో ఉన్నదైతే రెండింట్లోనూ ఒకేసారి రావాలి. ఒక్క గద్ద తప్ప ఏదీ కలవలేదు. తక్కినవన్నీ మా తలల మీదుగానే పోతున్నాయన్నమాట. అంతలో ఒకటి నేరుగా దిగి పిట్టగోడ మీద వాలింది. జిల్లేడు గింజ! గోధుమరంగు బిళ్ల, దాని నెత్తిన పట్టుకుచ్చు. ఓపెన్‌కాస్ట్ మట్టి గుట్టల వాలుల్లో ఎవరూ నాటకుండా పెరిగే జిల్లేడు ఎండాకాలంలో కాయలు పగిలి ఇలా ఊరంతా తిరుగుతుంది. ఏప్రిల్ వస్తే బూరుగు దూది కూడా తోడవుతుంది.

వెండి తీగ మాత్రం గింజ కాదు, సాలెపట్టు. పిల్ల సాలీళ్లు కొమ్మ చివరికెక్కి, పొట్ట పైకెత్తి, దారం వదిలి గాలిలోకి లేస్తాయి. 1832లో డార్విన్ ప్రయాణిస్తున్న బీగిల్ ఓడ తీరానికి మైళ్ల దూరంలో ఉండగా తాళ్లన్నీ అలాంటి సాలీళ్లతో నిండిపోయాయి. 2018లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ఎరికా మోర్లీ, డేనియల్ రాబర్ట్ ఇంకో వింత చూపించారు. గాలి కదలకపోయినా, వాతావరణంలో ఉండే విద్యుత్ క్షేత్రం లాంటిది తగిలితే చాలు, సాలీడు లేస్తుంది! ఆవగింజంత ప్రాణి కరెంటు పట్టుకుని ఎగురుతోంది, మా క్వార్టర్ల మీదుగా!

దగ్గరి నలుసును దూరపు వింత అనుకునే ఈ తికమక మనతో మొదలైంది కాదు. 1883 ఆగస్టు 12న మెక్సికోలోని జకాటెకాస్ అబ్జర్వేటరీలో హోసే బొనియా టెలిస్కోపులో సూర్యుణ్ణి చూస్తుంటే నల్లటి ఆకారాలు బింబాన్ని దాటసాగాయి. రెండు రోజుల్లో నాలుగు వందలకు పైగా లెక్కపెట్టి, ఫోటోలు కూడా తీశాడు. 1886లో దాన్ని అచ్చువేసిన ఫ్రెంచి ఖగోళ పత్రిక అవి పక్షులో, పురుగులో, దుమ్మో అయివుంటాయంది. తోకచుక్క ముక్కలని 2011లో కొందరు వాదించారు. మా డాబా మీద నిలబడ్డాక నాకు పత్రిక మాటే సబబనిపిస్తోంది.

నిజంగా పైనుంచి దిగేవీ ఉంటాయి, కాదనను. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో పెద్ద గుండ్రటి వస్తువు దిగితే ఊరంతా మూగింది. హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన బెలూన్ మోసుకెళ్లిన ప్రయోగ క్యాప్సూల్ అది. దానికి సొంతదారులున్నారు, చిరునామా ఉంది. మా జిల్లేడు గింజకు ఆ రెండూ లేవు. నాకు అదే ఎక్కువ ముచ్చటగా ఉంది.

మీరూ చూడండి. సూర్యుడు పూర్తిగా గోడ వెనకో, ట్యాంకు వెనకో దాగాలి. ఒక్క రవ్వ కూడా బయటికి రావద్దు. కంటితో గానీ, బైనాక్యులర్‌తో గానీ సూర్యుడి వైపు అసలు చూడొద్దు. ఫోను కదలకుండా ఏదైనా ఆసరాకు ఆనించండి. ఫోను కదిపినప్పుడల్లా కదిలే చుక్క కనిపిస్తే అది అద్దంలో మెరుపు, దాన్ని వదిలేయండి.

ఈ వారం నాకు సెకండ్ షిఫ్టు. మూడింటి దాకా తీరికే. పిట్టగోడ మీద దొరికిన గింజను మా బిడ్డ అగ్గిపెట్టెలో దాచింది. పొద్దున ట్యాంకు పక్కన దాన్ని మళ్లీ గాలికి వదులుతుందట. ఈసారి ఏది మనదో ముందే తెలుసు కదా, ఎంత దూరం మెరుస్తుందో చూద్దాం అంది.