పంకా ఎక్కడుంటది?

మా ఊరు నిర్ణా అంటే మన సంఘంలో చాలామందికి తెలియదు. బీదరు జిల్లాలో ఒక పల్లె. 1956 నవంబరు దాకా హైదరాబాదు రాష్ట్రం, తర్వాత మైసూరు, ఇప్పుడు కర్ణాటక. బజారులో కన్నడం, పాత కాగితాల్లో ఉర్దూ, మా ఇంట్లో తెలుగు. అక్కడ నీళ్లంటే బావిలో నీళ్లే. వాటి మీద జారుతూ ఆడుకుంటారని ఎవరైనా చెప్పి ఉంటే, ఎండదెబ్బ తగిలిందేమో అనుకునేవాళ్లం. అలాంటి ఊరివాణ్ణి పట్టుకుని, జార్జియాలో లేనియర్ సరస్సు మీద వాటర్ స్కీ పడవకు ఇంజను ఎలా ఎంచుకున్నావో రాయమని మన పత్రికవాళ్లు అడిగారు. నవ్వొచ్చింది గానీ, కాదనలేదు. ఈ రెండేళ్లలో నన్ను ఇదే విషయం అడిగిన కుటుంబాలు అరడజను దాకా ఉన్నాయి. అందరి మొదటి ప్రశ్నా ఒకటే: "ఎన్ని హార్స్ పవరైతే సరిపోతుందండీ?"

ఆ ప్రశ్నతో దుకాణంలోకి వెళ్తే అమ్మేవాడికి పండగే. మనం వెళ్లాల్సింది వేరే ప్రశ్నలతో. అవి నాకు అమెరికాలో కాదు, నిర్ణాలోనే తెలిశాయి.

1970లలో మా నాయన మోట మాన్పించి బావి మీద ఆయిల్ ఇంజను పెట్టించాడు. అప్పుడు మా వైపు దొరికేవి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి రాజ్‌కోట్ నుంచి వచ్చే లిస్టర్ నమూనా. పెద్ద పెద్ద చక్రాలు, నిమిషానికి 650 చుట్లు, దాని "డుగ్గు డుగ్గు" అవతలి ఊరి దాకా వినిపించేది. రెండోది కిర్లోస్కర్ లాంటి కంపెనీలు చేసిన, 1500 చుట్లు తిరిగే 5 హార్స్ పవర్ ఇంజను. నాయన రెండోది కొన్నాడు. పెట్టిన మొదటి వారమే అది నల్లటి పొగ కక్కడం మొదలుపెట్టింది. ఇంజను చిన్నదైందని, ఇంకో పెద్దది కొనాలని ఊళ్లో అందరూ తీర్పు చెప్పారు. హుమ్నాబాదు నుంచి వచ్చిన మెకానిక్ మాత్రం కాసేపు చెవి ఒగ్గి విని, "ఇంజను చిన్నది కాదు సేట్, దాని మీద మోత ఎక్కువైంది" అన్నాడు. ఇంజను పుల్లీ తీసేసి అంతకన్నా చిన్నది బిగించాడు. పంపు కొంచెం నిదానించింది. నీళ్లు కొద్దిగా తగ్గాయి, పొగ పూర్తిగా పోయింది, డీజిల్ ఖర్చూ తగ్గింది. ఆయన చేసిన దాని వెనక లెక్క కాలేజీకి వెళ్లాక గానీ నాకు అర్థం కాలేదు. అలాంటి పంపు చుట్లు రెట్టింపు చేయాలంటే బలం రెట్టింపు చాలదు, ఎనిమిది రెట్లు కావాలి. పడవ కింద తిరిగే పంకాది కూడా ఇంచుమించు ఇదే స్వభావం.

ఇక వాటర్ స్కీ సంగతి. ఈ ఆట పుట్టింది 1922లో, మిన్నెసోటాలోని లేక్ సిటీ దగ్గర పెపిన్ సరస్సులో. రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రవాడు పలకలు కట్టుకుని నీళ్ల మీద నిలబడితే అన్న పడవతో లాగాడు. ఆనాటికీ ఈనాటికీ లాగే పడవకు కష్టకాలం ఒక్కటే, మొదటి నాలుగైదు సెకన్లు. స్కీ కట్టుకున్న మనిషి నీళ్లలో మునిగి కూర్చుని ఉంటాడు. పడవ కూడా నీళ్లలో దిగబడే ఉంటుంది. ఇద్దర్నీ ఒకేసారి పైకి లేపాలి. నల్లరేగడి బురదలో కూరుకున్న బండిని ఎద్దులు మొదటి గుంజుడులో కదిలించినట్టే. ఒకసారి లేచాక పని తేలిక. పిల్లలకు గంటకు 15 మైళ్ల చుట్టుపక్కల చాలు. పోటీల్లో పురుషుల స్లాలం పరుగుకే గరిష్ఠ వేగం 58 కిలోమీటర్లు, అంటే 36 మైళ్లు. 60 మైళ్లు పోయే పడవ అని ఎవరైనా ఊరిస్తే, ఆ పై 24 మైళ్లు మనకెందుకని అడగండి.

కావలసింది తక్కువ చుట్ల దగ్గరే గట్టిగా గుంజే ఇంజను. అందుకే స్కీ పడవల్లో ఏళ్ల తరబడి పెద్ద కారు ఇంజన్లనే నీటికి తగ్గట్టు మార్చి వాడారు. ఫోర్డ్ 351, అంటే 5.8 లీటర్ల వి-8. లేదా షెవర్లే 350, అంటే 5.7 లీటర్లది. రెండోది, పట్టిన వేగం సడలకుండా నిలబెట్టడం. స్కీ మనిషి పక్కకు గుంజినప్పుడల్లా పడవ నెమ్మదిస్తుంది. మా బావి ఇంజనుకు గవర్నర్ అని ఒకటుండేది. మోత పెరిగితే డీజిల్ పెంచి, తగ్గితే తగ్గించి చుట్లు సమంగా ఉంచేది. స్కీ పడవల్లో ఆ పనికి 1990లలో పర్ఫెక్ట్ పాస్ వచ్చింది, ఆ తర్వాత జి.పి.ఎస్. చూసి పనిచేసే జీరో ఆఫ్ వచ్చింది. పోటీలకు వెళ్లనివాళ్లకు ఇది తప్పనిసరి కాదు. నడిపేవాడి పాదం నిలకడగా ఉంటే చాలు.

ఇదంతా లెక్కగట్టుకుని ఒక శనివారం పడవల దుకాణానికి వెళ్లాం. నిర్ణా నుంచి అమ్మ వచ్చి ఉంది, ఆమెనూ తీసుకెళ్లాం. అమ్మేవాడు 300 హార్స్ పవర్ అంటూ మెరిసే పడవ ఒకటి చూపిస్తున్నాడు. ఆమె దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి నన్ను అడిగింది: "అంతా మంచిగనే ఉంది గని బిడ్డా, దీని పంకా ఎక్కడుంటది?"

ఆమె ఎందుకు అడిగిందో నాకు తెలుసు. మా పక్క బావి దగ్గర ఇంజను బెల్టుకు చీర కొంగు చుట్టుకుని ఒకామె చెయ్యి పోయింది. ఆ తర్వాత అమ్మ ఏ యంత్రం చూసినా ముందు దాంట్లో తిరిగేది ఎక్కడుందో చూస్తుంది. మేము చూస్తున్న పడవకు పంకా సరిగ్గా వెనక ఉంది. పిల్లలు నీళ్లలోంచి ఎక్కే మెట్టు కిందే.

పడవలు ముఖ్యంగా మూడు తీరులు. ఔట్‌బోర్డు అంటే ఇంజను మొత్తం వెనక తగిలించి ఉంటుంది. స్టెర్న్ డ్రైవ్ అంటే ఇంజను లోపల వెనక భాగంలో, పంకా ఉన్న కాలు బయట. ఈ రెంటికీ పంకా పడవ వెనక అంచు దాటి ఉంటుంది. మూడోది ఇన్‌బోర్డు. దాంట్లో డైరెక్ట్ డ్రైవ్ అనే రకానికి ఇంజను పడవ నడుమ పెట్టె కింద కూర్చుంటుంది, పంకా అడుగున, వెనక అంచుకు చాలా ముందే ఉంటుంది. బరువు మధ్యలో ఉండటంతో వెనక లేచే అల కూడా చిన్నది. స్కీకి అదే కావాలి.

అలాగని ఔట్‌బోర్డు చెడ్డదనను. చేపలు పట్టేవాళ్లకు, లోతులేని చోట తిరిగేవాళ్లకు అదే మేలు. చలికాలంలో నిటారుగా ఉంచితే నీళ్లు వాటంతటవే కారిపోతాయి. ఇన్‌బోర్డులో నీళ్లు మనం తీయాలి. మరిచిపోతే, జార్జియాలో పడే కొద్దిపాటి గడ్డ చలికే ఇంజను దిమ్మ పగులుతుంది. రివర్సులో ఇన్‌బోర్డు మాట వినదు, ఒక పక్కకే పోతుంది. రేవులో కట్టేటప్పుడు నలుగురూ నవ్వుతారు, నవ్వనివ్వండి. ఒక్క విషయంలో మాత్రం బేరం లేదు. అల మీద తాడు వదిలేసి ఆడే వేక్ సర్ఫింగ్ మామూలు ఔట్‌బోర్డు, స్టెర్న్ డ్రైవ్ పడవల వెనక ఎప్పుడూ చేయకండి. 2015 నుంచి పంకాలు ముందుకు తిరిగి ఉండే డ్రైవులు వచ్చాయి గానీ, అవి వేరే రకం.

చివరికి 1990ల నాటి వాడిన డైరెక్ట్ డ్రైవ్ పడవ ఒకటి కొన్నాం. ఫోర్డ్ 351, 240 హార్స్ పవర్. మా నాయన ఇంజన్లు 48 అన్నమాట! కొనేముందు ఎనిమిది సిలిండర్ల కంప్రెషన్ చూపించాను. అన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఏదైనా ఒకటి బాగా కిందికి ఉంటే వెనక్కి వచ్చేసేవాణ్ణే. సరస్సులో పూర్తిగా థ్రాటిల్ తెరిచి చూస్తే మాత్రం, చుట్లు తయారీదారు చెప్పిన పరిధికి చేరలేదు. లాగేటప్పుడు మూలుగుతున్నట్టు శబ్దం. తోడొచ్చిన మిత్రుడు ఇంజను అరిగిందన్నాడు. నాకు మాత్రం నల్లపొగ కక్కే మా బావి గుర్తొచ్చింది. అడిగితే, పాత యజమాని వేగం కోసం ఎక్కువ పిచ్ ఉన్న పంకా బిగించాడని తేలింది. పిచ్ అంటే ఒక చుట్టుకు పంకా ఎంత ముందుకు తొలుచుకుపోవాలో ఆ కొలత. మా పుల్లీకి చుట్టం. ఒక అంగుళం తక్కువది వేయించాం. ఇంజను చుట్లు అందుకుంది, పై వేగం రెండు మూడు మైళ్లు తగ్గింది. మనుషుల్ని మాత్రం నీళ్లలోంచి అరటిచెట్టు పెరికినట్టు లేపుతోంది.

పెట్రోలు ఇన్‌బోర్డుకు కొన్ని నియమాలున్నాయి. స్టార్టు చేసేముందు నాలుగు నిమిషాలు బ్లోయర్ తిప్పాలి. ఇంజను గదిలో పెట్రోలు ఆవిరి చేరి ఉంటే నిప్పురవ్వ చాలు. ఇంజను నడుస్తుండగా వెనక మెట్టు మీద ఎవర్నీ కూర్చోనివ్వకూడదు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. చల్లటి నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లర్ ఏటా మార్చుకోవాలి. స్కీ మనిషి పడిపోతే దగ్గరికి వెళ్లి, ఇంజను పూర్తిగా ఆపి, అప్పుడే ఎక్కించుకోవాలి. న్యూట్రల్ చాలదు. పంకా అడుగున ఉన్నా మా పడవలో ఇదే పద్ధతి. జార్జియా చట్టం ప్రకారం లాగేటప్పుడు వెనక్కి చూసే మనిషి గానీ, వెడల్పాటి అద్దం గానీ ఉండాలి. మాకు ఎప్పుడూ మనిషే. అమ్మ ఇక్కడున్న మూడు నెలలూ ఆ పని ఆమెదే. మా చిన్నది ఆరో ప్రయత్నంలో లేచి నిలబడితే, సీటు మీద మోకాళ్లు వేసుకుని వెనక్కి చూస్తున్న అమ్మ "లేసింది, లేసింది, ఆపకు!" అని ఎంత గట్టిగా అరిచిందంటే, పక్క పడవలవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు పెద్దవాడు తానే నడుపుతానంటున్నాడు. 1998 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు జార్జియాలో మోటారు పడవ నడపాలంటే ముందు కోర్సు చేయాలి. చేశాడు, కార్డు కూడా వచ్చింది. తాళం మాత్రం నేనింకా ఇవ్వలేదు. ఆ రబ్బరు ఇంపెల్లర్ ఎక్కడుందో చూపించి, తన చేత్తో ఒకసారి మార్చమన్నాను.