వాడి పదిమంది

వేసవి సెలవులకి బనగానపల్లెలో మా ఇంటికి వెళ్లినప్పుడు అటక మీంచి ఒక పాత చెప్పుల డబ్బా దింపాను. అందులో ఇరవై మంది సైనికులు. అందరూ అస్థిపంజరాలే, ఒక్కొక్కడు మన చిటికెన వేలిలో సగం ఉంటాడు. నలుగురికే రంగులున్నాయి. మిగతా పదహారు మంది ఐదేళ్లుగా బూడిద రంగు ప్లాస్టిక్‌లోనే ఉండిపోయారు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. వార్‌హామర్ అని ఒక ఆట ఉంది. 1983లో ఇంగ్లండ్‌లో మొదలైంది. టేబుల్ మీద సైన్యాల్ని నిలబెట్టి, టేపుతో దూరం కొలిచి, పాచికలు వేసి యుద్ధం చేస్తారు. బొమ్మలు ముక్కలుగా వస్తాయి. అతికించుకోవడం, రంగులు వేసుకోవడం మన పనే. రంగులేని సైన్యాలు అటకెక్కడం మా ఇంట్లోనే కాదు, ప్రపంచమంతా ఉన్నదే.

తొమ్మిదో తరగతిలో ఉండగా మా ఎదురింటి వాడి బాబాయ్ ఇంగ్లండ్ నుంచి ఈ పెట్టె తెచ్చాడు. నీకు పది, నాకు పది అని పంచుకున్నాం. ఒకరోజు ఫ్రేము నుంచి ముక్క కోస్తుంటే వాడి చేతిలో ఒక సైనికుడి పాదం విరిగి ఎక్కడో పడిపోయింది. "నీ వల్ల ఏ పనీ పూర్తి కాదురా" అన్నాను. అంతకు వారం ముందే వాడు లెక్కల్లో ఫెయిలయ్యాడు. నాకు తెలుసు. తెలిసే అన్నాను.

వాడేం మాట్లాడలేదు. తన పదిమందినీ మా ఇంట్లోనే వదిలేసి వెళ్లిపోయాడు. తర్వాత ఎదురుపడితే "ఏం రా", "ఏం లేదు రా", అంతే.

ఈసారి వాడి పదిమందితోనే మొదలుపెట్టాను. మొదటిరోజు మిట్టమధ్యాహ్నం డాబా మీద ప్రైమర్ స్ప్రే కొట్టాను. మన నంద్యాల ఎండ సంగతి తెలిసిందేగా, అది గాల్లోనే ఆరిపోయి బొమ్మ మీద ఇసుకలా పడింది. రుద్ది కడిగి, మర్నాడు పొద్దున ఆరింటికి మళ్లీ కొట్టాను. రంగు కూడా బ్రష్ మీదే ఎండిపోతుంటే, టిఫిన్ డబ్బా మూతలో తడి టిష్యూ వేసి, పైన బటర్ పేపర్ పరిచి, దాని మీద రంగు కలుపుకున్నా. ముందు దంతం రంగు. పైన నీళ్లలాంటి గోధుమ రంగు పూస్తే అది పక్కటెముకల సందుల్లోకి జారి నీడలా నిలుస్తుంది. చివర్లో బ్రష్‌ని దాదాపు పొడిగా తుడిచి, లేత రంగుతో అంచుల మీద అలా అలా రాస్తే ఎముక ఎముకలా కనిపిస్తుంది. ఆళ్లగడ్డ శిల్పులు విగ్రహానికి కళ్లు ఆఖర్న తెరుస్తారట. నాకా బాధ లేదు, నా వాళ్లకి రెండు గుంతలే.

"ఇంట్లో పీనుగులకు రంగులేందిరా?" అని అవ్వ తిట్టింది. ఆ ఆదివారం నన్ను యాగంటికి లాక్కెళ్లింది.

యాగంటి అంటే అందరికీ పెరిగే బసవన్న గుర్తొస్తాడు, కాకులు రాని కొండ గుర్తొస్తుంది. నేను మాత్రం ఈసారి గుహలో వెంకటేశ్వరస్వామి దగ్గర ఆగిపోయాను. అగస్త్యుడు ఆయన్ని ప్రతిష్ఠించాలనుకుంటే విగ్రహం కాలిగోరు విరిగిందట. విరిగిన విగ్రహం పనికిరాదని, శివుడి మాట మీద కింద గుడిలో ఉమామహేశ్వరుల్ని నిలిపారని కథ.

"మరి ఈయన్ని పడెయ్యలేదా అవ్వా?"

"యాడ పడేస్తారు? దేవుడు గాదా?" అని దండం పెట్టుకుంది.

చిన్నప్పట్నుంచి చాలాసార్లు విన్న కథే. కానీ ఆ రోజు మెట్లు దిగుతున్నంతసేపూ నాకు దేవుడు కాదు, వాడు గుర్తొచ్చాడు.

ఇంటికొచ్చి పాదం లేని వాడిని చేతిలోకి తీసుకున్నా. వేరే బొమ్మ పాదం కోసి అతికించొచ్చు. అతికించలేదు. బేస్ మీద జిగురు రాసి, ఇసుక చల్లి, అలాగే నిలబెట్టాను. ముందు వరుసలో పెట్టి ఫోటో తీసి వాడికి పంపాను: "ఇవి నీ పది. ఆ రోజు నేను అలా అని ఉండకూడదు. సారీ రా."

రెండు నీలం టిక్కులు పడ్డాయి. రిప్లై లేదు. మర్నాడు రాత్రి వచ్చింది.

"పాదం ఇంకా దొరకలేదా?"

ఇంకాసేపటికి: "ఆదివారం వస్తా. పాచికలున్నాయా?"

లేవు. లూడో డబ్బాలో ఒకటి దొరికింది. నా సైన్యంలో ఆరుగురికి ఇంకా రంగు వెయ్యాలి.