వనభోజనానికి వేళ తప్పితే

కార్తీక వనభోజనమంటే మా వాళ్ళకి పులిహోర, గారెలు, బూరెలు, దద్దోజనం. వేళకి పెట్టాలన్న ధ్యాస మాత్రం ఎవరికీ ఉండదు.

కిందటేడు మా బావగారు పొద్దున ఇన్సులిన్ వేసుకుని, రెండిడ్లీలు తిని వచ్చారు. ఉసిరిచెట్టుకి పూజ, ఆ తర్వాత పొయ్యి రాజెయ్యడం... రెండున్నరైనా విస్తళ్ళు పడలేదు. ఆయనకి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. ఎండకేమో అనుకున్నారంతా. నేనూ అలాగే అనుకున్నాను, కార్తీకంలో ఎండేమిటి!

"తమ్ముడూ, ఈయన మాట తడబడుతోందిరా" అంది అక్క. అప్పుడు తట్టింది, రక్తంలో చక్కెర పడిపోయిందని. స్పృహలోనే ఉన్నారు, మింగగలుగుతున్నారు. కనుక మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాను. పావుగంటలో తేరుకున్నారు. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పొయ్యకూడదు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

ఈ ఏడు వడ్డన నా చేతిలోకి తీసుకున్నాను. పదకొండింటికే శనగ గుగ్గిళ్ళు, జామకాయ ముక్కలు, నిప్పులమీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు. పొత్తులకి నిమ్మరసమే, ఉప్పు లేదు. ఒంటిగంటకల్లా వేడి అన్నం, తోటకూర పప్పు, బీరకాయ కూర, మజ్జిగ. పులిహోర రెండు గరిటెలే. దద్దోజనం ఇంట్లో కలిపి తేలేదు. తెల్లవారుజామున వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే అందులో క్రిములు పెరుగుతాయి. కొన్నిటి విషం మళ్ళీ వేడిచేసినా పోదు.

గారెలు మాన్పించలేదు. మాన్పిస్తే అక్క నన్నా చెట్టుకే కట్టేసేది. మనిషికి ఒక్కటి.

అక్క సంచిలో ఇప్పుడు పంచదార పొట్లం ఉంటోంది. బావగారు దాన్ని "నా తాంబూలం" అంటారు.