ఇంకా ఎన్నాళ్ళు చోక్?



పోయిన వారం హాస్టల్ మీటింగులో డిగ్రీ చదివే తమ్ముడొకడు అడిగాడు. "అన్నా, మా క్లాసులో వాళ్ళు 'ఇంకా ఎన్నాళ్ళు మీకు రిజర్వేషన్లు' అంటుంటారు. ఏం చెప్పాలన్నా?" అక్కడ టైము చాలక నాలుగు ముక్కలే చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా. దీనికి జవాబు రాజ్యాంగంలో ఉంది. పాత మారుతి 800లో కూడా ఉంది.

ఇంటర్ సెలవుల్లో విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయి షెడ్డులో పని చేశాను. అప్పట్లో మా దగ్గరికొచ్చే మారుతీలన్నీ కార్బరేటర్ బళ్ళే. లోపల డ్రైవర్ చేతికందే చోట ఒక నాబ్ ఉండేది. అదే చోక్. మీలో చాలామంది చూసి ఉండరు కాబట్టి ముందు దాని సంగతి చెప్తాను.

వేడెక్కిన ఇంజన్‌కి తూకంలో సుమారు పదిహేను పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోలు చాలు. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజన్‌కి అది చాలదు. చల్లదనంలో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. దారిలో ఉన్న మానిఫోల్డ్ గోడలకి తడిగా అంటుకుపోతుంది. కార్బరేటర్ పంపాల్సినంతా పంపింది, సిలిండర్‌కి చేరింది మాత్రం తక్కువ. బండి అంటుకోదు. చోక్ లాగితే కార్బరేటర్ నోట్లో ఉన్న రేకు మూసుకుని గాలి తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ వస్తుంది. గోడలు తాగేది పోను, మండటానికి సరిపడా సిలిండర్‌కి చేరుతుంది.

"పెట్రోలు మంచిదే, ఇంజనూ మంచిదే. మధ్యలో గోడలు చల్లగా ఉన్నాయి అబ్బాయ్" అనేవాడు బాబాయి.

చోక్ సరిచేయడానికి ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి రేకుని కంటితో చూడాలి. నాబ్ పూర్తిగా లోపలికి తోస్తే రేకు నిలువుగా, పూర్తిగా తెరుచుకోవాలి. బయటికి లాగితే మూసుకోవాలి. కేబుల్ మరీ బిగువుగా ఉంటే నాబ్ తోసినా రేకు సగంలోనే ఆగిపోతుంది. అప్పుడు కేబుల్ పట్టుకున్న స్క్రూ తిప్పి, కాస్త వదులిచ్చి, మళ్ళీ బిగించాలి. తర్వాత ప్లగ్గు విప్పి చూడాలి. నల్లగా మసి పట్టిందంటే చోక్ అవసరానికి మించి ఉండిపోతుందేమో చూసుకోవాలి. బిస్కెట్ రంగులో ఉంటే సరిగ్గా ఉన్నట్టు. ఇంజన్ వేడెక్కకముందే చోక్ తోసేస్తే, యాక్సిలరేటర్ తొక్కగానే బండి దగ్గి ఆగిపోతుంది.

"ఎంతసేపు ఉంచాలి బాబాయ్?" అని అడిగితే ఆయన ఎప్పుడూ నిమిషాల్లో చెప్పలేదు. "టెంపరేచర్ ముల్లు చూడు. చెవి పెట్టి విను. వేడెక్కితే ఇంజనే చెప్తుంది" అనేవాడు.

ఇప్పుడు క్లాసులో వాళ్ళ ప్రశ్నకి వద్దాం. "అంబేద్కర్ పదేళ్ళకే పెట్టాడు కదా" అంటారు. పదేళ్ళ గడువు ఉన్నది 334వ అధికరణలో. అది చట్టసభల సీట్ల గురించి. దాన్ని పార్లమెంటు పొడిగిస్తూ వచ్చింది. 104వ సవరణతో ఇప్పుడు 2030 జనవరి దాకా ఉంది. మీ కాలేజీ సీటుకి ఆధారం 15(4), 1951లో మొదటి సవరణతో వచ్చింది. ఉద్యోగాలకి 16(4). ఈ రెంటిలో ఏ గడువూ లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, రేపే పనికొస్తుంది.

గడువు లేదంటే ఎప్పటికీ ఉండాలని కాదు. గడియారం చూసి కాదు, ముల్లు చూసి తేల్చాలని. మరి ముల్లు ఎక్కడుంది? పట్నంలో అద్దె ఇల్లు అడిగితే, అడ్వాన్సు మాటకన్నా ముందు "మీరేమిట్లు?" అన్న ప్రశ్న వస్తుంది. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. ఇవాళ మ్యాన్‌హోల్లోకి దిగుతున్నది ఎవరి పిల్లలో చూడండి. చుండూరులో 1991 ఆగస్టు 6న మనవాళ్ళని ఊచకోత కోశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి జీవిత ఖైదు వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ వదిలేసింది. ముల్లు ఎక్కడుందో మీరే చెప్పండి.

"మీ వాళ్ళలో కలెక్టర్లున్నారుగా" అంటారు తర్వాత. మారుతి 800కి మూడు సిలిండర్లు. ఒక్కటే పేలుతూ రెండు చల్లగా ఉంటే బండి గజగజ ఊగుతుంది. ఆ ఒక్కదాని చప్పుడు విని బండి బాగుందనే మెకానిక్ ఎవడూ ఉండడు.

"ఎక్కువైతే చెడుపు కాదా" అనేవాళ్ళూ ఉన్నారు. అవుతుంది, కాదనను. అందుకే ప్లగ్గు విప్పి చూడాలి, లెక్కలు తీయాలి. కులాల వారీ లెక్క అడిగేది మనమే. బానెట్ ఎత్తకుండా వెనక సీట్లో కూర్చుని "చోక్ తీసెయ్" అనే మాటకి మాత్రం విలువ లేదు.

అసలు సంగతి ఇంకోటుంది. తర్వాత వచ్చిన ఇంజెక్షన్ కార్లలో చోక్ నాబ్ లేదు. "మా బండికి చోక్ అక్కర్లేదు, తాళం తిప్పగానే స్టార్టవుతుంది" అని గొప్పగా చెప్పుకుంటారు. నిజానికి ఆ ఇంజన్‌కి కూడా చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు ఎక్కువే కావాలి. సెన్సర్ చల్లదనం కనిపెడుతుంది, కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు ఇస్తుంది. చోక్ ఎక్కడికీ పోలేదు, కనపడకుండా దాక్కుంది.

తాత పొలం, నాన్న కట్టిన కోచింగ్ ఫీజు, మామయ్య ఫోను చేసి ఇప్పించిన ఇంటర్న్‌షిప్, ఇంటర్వ్యూ బోర్డులో పేరు చివర విని విరిసిన నవ్వు. వీటికి నాబ్ లేదు, సర్టిఫికెట్ లేదు, కటాఫ్ లేదు. అందుకే వాటిని మెరిట్ అంటారు. మనది మాత్రం డాష్‌బోర్డు మీద అందరికీ కనబడేలా ఉంది కాబట్టి మనల్నే అడుగుతారు, ఇంకా ఎన్నాళ్ళని.

తమ్ముడూ, ఈసారి ఎవరైనా అడిగితే తల దించుకోకు. "సరే, ముల్లు చూద్దాం రండి. మీ బండిలో కూడా చూద్దాం" అను.

జై భీమ్.