పీచ్ రంగు వేస్తున్న ఇంట్లో

విజయవాడ వన్‌టౌన్‌లోని ఆ పెయింట్ షాపులో షేడ్ కార్డు పుస్తకం తిరగేస్తే ఏ పేజీలు ఎక్కువమంది చూశారో ఇట్టే తెలిసిపోతుంది. లేత నారింజకీ గులాబీకీ మధ్య రంగులున్న పేజీల అంచులు వేళ్లు తగిలి తగిలి నల్లబడ్డాయి. "ఇదివరకు హాలుకి అందరూ క్రీమ్ అడిగేవాళ్లండీ. ఇప్పుడు పీచ్ అంటున్నారు" అన్నారు షాపు యజమాని. 2024 సంవత్సరానికి పాంటోన్ సంస్థ 'పీచ్ ఫజ్' అనే రంగును ప్రకటించాక, ఫోన్లో ఫొటో చూపించి సరిగ్గా అదే కావాలనే వాళ్లు కూడా వస్తున్నారట. వాళ్లకి ఆయన చెప్పే మొదటి మాట, ఫోన్ చూసి గోడ రంగు ఖాయం చేసుకోవద్దని. తెర తనంతట తనే వెలుగుతుంది. గోడకి ఆ సౌకర్యం లేదు, దాని మీద ఏ వెలుగు పడితే దానికి తగ్గట్టే కనిపిస్తుంది.

ఆ రంగు ఎలా కలుపుతారో చూడాలనే నేను వెళ్లాను. 4 లీటర్ల తెల్ల బేస్ డబ్బా మూత తీశారు. కలపాల్సిన రంగులకి చోటుండాలి కాబట్టి బేస్‌ను కాస్త వెలితిగానే నింపుతారు. డబ్బాని టింటింగ్ మెషిన్ కింద పెట్టి కంప్యూటర్లో షేడ్ నంబరు కొట్టగానే పైనుంచి పసుపు ఆక్సైడ్ సన్నగా కారింది. వెనకాలే ఎర్ర ఆక్సైడ్, అంతకన్నా తక్కువ. అంత తెలుపులో పడిన రంగు మొత్తం కలిపి చెంచాడో రెండు చెంచాలో ఉంటుంది. మూత బిగించి షేకర్‌లో పెట్టి కాసేపు ఊపి తీశాక కర్రతో కొద్దిగా పైకెత్తి చూపించారు. పచ్చిగా ఉన్నప్పుడు చాలా లేతగా ఉంది. ఆరాక ఒక మెట్టు ముదురుతుందని, అందుకే డబ్బాలో చూసి కంగారు పడొద్దని అన్నారు.

ఆ రెండు రంగులకీ మూలం ఇనుమే. పల్లెల్లో గడపలకీ అరుగులకీ పూసే జాజుకి, గుడి గోడల మీద సున్నపు పట్టీల పక్కన ఉండే కావికి ఎరుపునిచ్చేది కూడా ఐరన్ ఆక్సైడే. ఇది ఎండకి తేలిగ్గా వెలవదు, సున్నం, సిమెంటుల ఘాటుకి చెడదు. కొట్టొచ్చినట్టు కనబడే నారింజ రంగుల్లో కొన్నింటికి ఈ ఓర్పు ఉండదు. ఇనుము రంగులతో కలిపిన పీచ్ మీద నాకు గురి కుదరడానికి ముఖ్య కారణం ఇదే. మీకు నచ్చిన షేడ్‌లో ఏయే రంగులు పడుతున్నాయో షాపులో అడిగి తెలుసుకోవచ్చు. కంప్యూటర్ తెర మీద ఆ లెక్క ఉంటుంది.

అక్కడి నుంచి ఆ డబ్బా వెళ్తున్న ఇంటికే వెళ్లాను. గుణదల వైపు పాతిల్లు. లప్పం పెట్టి, ఎమరీ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ కొట్టి ఉంచారు. మేస్త్రి ఆ వేళకే మూడు గదుల్లోనూ శాంపిల్ వేసి ఉన్నారు. గోడ మధ్యలో కాదు, రెండు గోడలు కలిసే మూలలో, అటు మూడడుగులు ఇటు మూడడుగులు. ఎందుకలా అని అడిగాను. "గోడలు ఒకదానికొకటి రంగు అప్పిస్తాయండీ. ఒక్క గోడ మీద చూస్తే లేతగానే ఉంటుంది. నాలుగు గోడలూ అయ్యాక అదే ముదురుగా కనిపిస్తుంది. మూలలో వేస్తే ముందే తెలిసిపోద్ది" అన్నారు. మూల దగ్గర నిలబడి చూశాను. గోడ చివర తెల్లటి లేతదనం, మడత దగ్గరకొచ్చేసరికి చిక్కటి రంగు. వేసింది ఒకే డబ్బాలోది, ఒకే బ్రష్‌తో. కార్డులో నచ్చినదానికన్నా ఒక మెట్టు లేతది తీసుకోమని ఆయన అందరికీ చెప్పేది ఇందుకే.

మూడు గదుల్లో మూడు రకాలుగా ఉంది ఆ రంగు. పడమటి హాల్లో సాయంత్రం ఎండ నేరుగా పడి దాదాపు నారింజ అయిపోయింది. ఉత్తరపు పడకగదిలో ఎండ రాదు కాబట్టి నెమ్మదిగా, కంటికి హాయిగా అనిపించింది. నాకైతే పీచ్‌కి అసలు చోటు అదే. మూడో గది కిటికీ నిండా మామిడిచెట్టు. ఆకుల మీంచి వచ్చే పచ్చటి వెలుగు ఆ గోడని మట్టిరంగులోకి లాగేసింది. ఆ గదికి పీచ్ వద్దని మేస్త్రి అప్పటికే చెప్పారట.

"తెల్ల గోడలు మధ్యాహ్నం పూట నా కళ్లకి పడట్లేదు మేస్త్రి గారూ, పైకప్పు కూడా ఇదే వేసేయండి" అన్నారు ఆ ఇంటి పెద్దావిడ. "గోడలు మీరన్నట్టే చేద్దాం అమ్మగారూ, పైన మాత్రం తెలుపుంచండి. వెలుగు కిందికి దిగాలంటే అదే కావాలి" అన్నారాయన. నా మొగ్గూ ఆయన వైపే. హాలుకి మాత్రం మేస్త్రి మరీ లేత షేడ్ సూచించారు. మెరుపు లేని మ్యాట్ రకమే వేయాలని పట్టుబట్టారు. ఏటవాలుగా ఎండ పడే గోడకి మెరిసే పెయింట్ వేస్తే ప్లాస్టరింగ్‌లోని ప్రతి ఎత్తుపల్లం బయటపడుతుంది. అడుగున చెమ్మ ఊరిన గోడని ముట్టుకోనేలేదు. ముందు ఆ చెమ్మ సంగతి తేల్చాలి, లేత పీచ్ మీద మరక దాగదు.

చీకటి పడ్డాక లైట్లు వేసి చూశాం. 6500 కెల్విన్ ట్యూబ్‌లైట్ కింద ఆ రంగు పాలిపోయి బూడిదగా తేలింది. 3000 కెల్విన్ బల్బు పెట్టగానే వెచ్చదనం తిరిగొచ్చింది. బల్బులు మార్చే ఉద్దేశం లేకపోతే ఈ రంగు మీద డబ్బు పెట్టడం దండగ అని నా అభిప్రాయం.

సామాను విషయంలో పెద్దగా చెప్పడానికేం లేదు. టేకు తలుపులు, ఎర్ర గచ్చు, మంగళగిరి నూలు తెరలు ఈ గోడకి బాగా ఒదుగుతాయి. పడకగది అలమరలోని కొండపల్లి బొమ్మల ఎరుపు, ఆకుపచ్చ ఈ రంగు పక్కన మరింత కనిపించాయి. బూడిద రంగు టైల్స్ ఉన్న ఇంట్లో మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

మీరు వేయించుకునేటట్టయితే ఒక్క లీటరు కలిపించి మూలలో రాసి, రెండో కోటు ఆరాక పొద్దున, సాయంత్రం, రాత్రి మీ సొంత లైట్ల కింద చూడండి. ఒక గదికి సరిపడా పెయింట్ అంతా ఒకేసారి కలిపించండి. షేడ్ నంబరు, బేస్ పేరు ఉన్న స్టిక్కర్‌ను డబ్బా మీంచి తీసి అలమర తలుపు లోపల అతికించుకోండి. నాలుగేళ్ల తర్వాత ఒక గోడకి అతుకు వేయాల్సి వస్తే షాపువాళ్లు మొదట అడిగేది ఆ నంబరే.