మంద వెనుక నిలిచిన మేక

మేక తన బాధను తొలిదశలో బయటపెట్టని ప్రాణి. కాళ్లలో సత్తువ ఉన్నంతవరకు అది మందతోపాటు నడువజూచును. వెనుకబడినదానిని నక్కయు తోడేలును కాచుకొని యుండునను భయము తరతరములుగా దాని రక్తములో నిలిచిపోయినది కాబోలు. అందుచేతనే మేక నేలకొరిగి వైద్యుని యొద్దకు వచ్చుసరికి రోగము ముప్పాతిక త్రోవ నడచి యుండును. ఆ మిగిలిన పాతిక త్రోవలో పోరాడుటకంటె మొదటి అడుగుననే రోగమును పోల్చుకొనుట మేలని నాకు బోధించినది అనంతపురము జిల్లాలోని ఒక మెట్టపల్లె అవ్వ.

అప్పటికి నేను పశువైద్యునిగా ఉద్యోగములో చేరి రెండేండ్లు కూడ నిండలేదు. ఒకనాటి ఉదయమున ఆమె ఒక పెట్టమేకను త్రాటితో నడిపించుకొని వచ్చి, "నిన్న మాపున మందెనకాల నిలబడిపాయ సామీ. రేత్రంతా నెమరెయ్యలేదు. సంతలో కొన్న పోతు దొడ్లోకి వచ్చి వారమైతాది" అని చెప్పెను. నేను ఉష్ణమాపకముతో జ్వరము చూచితిని, నూటయైదు డిగ్రీలుండెను. ముక్కునుండి పలుచని నీరు కారుచుండెను. పడిశమని తలచి, ఒక సూదిమందు వేసి, పంపివైచితిని. ఆమె చెప్పిన మూడు మాటలును నా చెవిని పడినవే కాని మనస్సునకు ఎక్కలేదు.

నాలుగు దినములైన పిమ్మట కబురు రాగా ఆ దొడ్డికి పోయితిని. పదునాలుగు జీవములలో పదకొండు తలలు వ్రేలవేసికొని నిలిచియుండెను. అవ్వ నన్నొక మాటయు అనలేదు. ఒక మేకను మోకాళ్ల నడుమ నిలిపి, దాని క్రింది పెదవిని బొటనవ్రేలితో విప్పి చూపెను. చిగుళ్లమీద తవుడు చల్లినట్లు తెల్లని పొర కట్టి యుండెను; వ్రేలు తగిలినంతనే అది రాలి, క్రింద ఎఱ్ఱని పుండు కనబడెను. కన్నుల రెప్పలు పుసితో అంటుకొని పోయినవి. తోకయు తొడలును పారుడుతో తడిసి యుండెను. అది పి.పి.ఆర్.; పల్లెలలో పారుడు రోగమందురు. 1942లో పశ్చిమాఫ్రికాలోని ఐవరీ కోస్టునందు మొదట వర్ణింపబడిన ఈ వ్యాధి, మన దేశమున 1987లో తమిళనాట నిర్ధారితమైనది. పశువుల మహామారియగు రిండర్‌పెస్టును మిక్కిలి పోలియుండుటచే అంతకు పూర్వము దానిని వేరుగా గుర్తించుట కష్టమయ్యెను. రోగి మేకతో కలిసిన నాలుగైదు దినములకే లక్షణములు పొడసూపును. "సంత పోతు వచ్చి వారమైన" దను అవ్వ మాటలోనే రోగనిర్ణయమంతయు ఇమిడియుండెను!

ఈ రోగమును కలిగించు వైరసును చంపు మందు లేదు. ఊపిరితిత్తులను పట్టు ఉపద్రవములకు సూదిమందులు వేసి, ఉప్పును బెల్లమును కలిపిన నీటిని మాటిమాటికి త్రాగించి, నోటి పుండ్లను పొటాషియం పర్మాంగనేటు కలిపిన పలుచని నీటితో కడిగి, పలుచని రాగిజావ పోయుచు వారము దినములు పెనుగులాడితిమి. ఆరు మేకలు చచ్చినవి. నాలుగవ నెల నిండిన పిల్లకు ఒక్క టీకా వేయించినచో సుమారు మూడేండ్లు ఈ రోగమునకు వెఱువ పనిలేదు. సంతనుండి వచ్చిన జీవమును ఇరువదియొక్క దినములు వేరు కొట్టములో కట్టినచో మందయంతయు నిలుచును. ఆనాటినుండి ఈ రెండు మాటలను నేను చెప్పని ఊరు లేదు.

అవ్వ నేర్పిన చూపుతో తదుపరి ఏండ్లలో అనేక రోగములను గుర్తింపగలిగితిని. మేకను పట్టుకొనక ముందు కొంతసేపు దూరమున నిలిచి, ఏది మేయుచున్నదో, ఏది కుంటుచున్నదో, ఏది గుంపునుండి ఎడమై యున్నదో చూచెదను. ఆ తరువాతనే ఒంటివేడి చూచెదను. ఆరోగ్యముగల మేకకు అది 102 మొదలు 103.5 డిగ్రీల వఱకు ఉండును. ఎడమ డొక్కలో పిడికిలి ఆనించినచో నిమిషమున కొకటి రెండు మారులు పొట్ట కదలి చేతిని నెట్టవలెను. కడపట క్రింది కనురెప్పను విప్పి చూడవలెను.

ఆ కనురెప్ప ఎంత సత్యము పలుకునో ఒక శ్రావణమాసమున చూచితిని. దవడ క్రింద నీరు దిగి సంచివలె వ్రేలాడుచున్న ఒక మేకను, గొంతువాపని భయపడి కాల్చి వాత పెట్టబోవుచుండిరి. నేను రెప్ప విప్పితిని: గులాబి రంగుండవలసిన చోట శంఖమువలె తెల్లదనము! గొంతు నిర్దోషి; వానలు పడిన పచ్చికతో లోనికి పోయిన నట్టలు నాలుగవ పొట్టను పట్టి నెత్తురు పీల్చుచుండెను. ఇచ్చట జ్ఞాపకముంచుకొనవలసిన విశేషమొకటి కలదు: మేక శరీరము నట్టల మందులను గొఱ్ఱెకంటె త్వరగా విసర్జించును. గొఱ్ఱెకు చాలు మోతాదు మేకకు చాలదు. చాలీచాలని మందు పోసినచో చావని నట్టలు మందుకు లొంగని సంతతిని పెంచును. కావున బరువు చూచి, వైద్యుని అడిగి పోయవలెను.

కడుపుబ్బరమును గుఱించియు రెండు మాటలు చెప్పవలెను. లేత వేరుశనగ తీగ కడుపునిండ మేసిన మేకకు ఎడమ డొక్క తప్పెటవలె మ్రోగును. దానికి ఒక చిన్న గ్లాసెడు వేరుశనగ నూనెయే మొదటి మందు. జొన్న కళ్లములో దూరి గింజలు బుక్కిన మేక పొట్టయో తడిసిన మూటవలె బరువుగ నుండి, పిసికినచో లోన నీరు తొణకును. అది పండ్లు కొఱుకుచు తూలుచుండును. ఇచ్చట నూనె నిష్ప్రయోజనము. తినుసోడా నీటిలో కలిపి త్రాగించి, గింజ మాన్పించి, వెంటనే వైద్యుని పిలువవలెను. ఇట్లే మేత ఒక్కసారిగా మారినప్పుడు ప్రేగులలోని సూక్ష్మజీవులు విషమును పుట్టించుటచే వచ్చు చిటుక రోగము, నిన్న గంతులు వేసిన బలమైన పిల్లను తెల్లవారుసరికి శవముగా చేయును; దానికి వానకాలమునకు ముందే టీకా వేయించుట తప్ప వేరు గతి లేదు.

మందు మంచిదైనను చేయి తప్పినచో చంపును. ఒక యువకుడు మిక్కిలి శ్రద్ధతో మేక తలను ఆకాశమునకెత్తి పట్టి వెదురుగొట్టముతో మందు పోసెను. అది ఊపిరితిత్తులలోనికి దిగి, మఱునాటికి ఆ మేక రొప్పుచు ప్రాణము విడిచెను. అతడు నా యెదుట ఏడ్చిన యేడుపు నేటికిని మఱువజాలను. మూతిని కంటి మట్టమునకు మించి ఎత్తరాదు. బుగ్గ ప్రక్కనుండి కొంచెము కొంచెముగా పోసి, మ్రింగనిచ్చి, మఱల పోయవలెను. దగ్గినచో వెంటనే తల వదలివేయవలెను.

బీదవానికి మేక నడచెడి ధనమని అందురు. పిల్లల చదువునకు, ఆడపిల్ల పెండ్లికి, పంట పోయిన యేటి గింజలకు ఆ ఇంటివారు చూచుకొనునది ఆ దొడ్డివంకనే. రేయింబవళ్లు దానిని కనిపెట్టియుండు కన్నులు కనుగొన్నదానిని, క్షణకాలము చూచెడి నేను త్రోసివేయుట ఎంతటి దోషమో ఆ ఆరు మేకలు నాకు నేర్పినవి. నేటికిని ఎవరైన మేకను తెచ్చినప్పుడు, దానిని తాకక ముందే అడుగుచున్నాను: "అవ్వా, నిన్న మాపున ఇది మందలో యాడ నడిచినాది?"